ఆదివారం తగ్గే తలనొప్పి
ప్రయోగశాలల్లో గాలి శుద్ధి గురించి గృహస్థులకు ఒక పాఠం

మనిషి రోజుకు తినే ఆహారం రెండు కిలోలకు మించదు. తాగే నీరు రెండు మూడు లీటర్లు. పీల్చే గాలి మాత్రం ఇంచుమించు 10,000 లీటర్లు. ఆహారాన్ని ఏరి వండుకుంటాం, నీటిని కాచి వడపోసుకుంటాం, గాలిని మాత్రం ఎక్కడ ఏది ఉంటే దానినే పీలుస్తాం. ఈ లెక్కను ఎన్నో ఏళ్లుగా నా దగ్గరకు వచ్చే రోగులకు చెబుతూనే ఉన్నాను. అయినా మా ఇంటి ఆడపిల్ల విషయంలో నేనే దానిని మరచాను. ఆ పొరపాటును దాచకుండా చెప్పి, దాని వల్ల నేర్చుకున్న పాఠాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేనకోడలి శిరోవేదన

నేను వైద్యం చేసేది సూళ్లూరుపేటలో. ఇక్కడి నుండి తూర్పుగా పులికాట్ సరస్సు మీదుగా సాగే రోడ్డు శ్రీహరికోట దీవికి చేరుస్తుంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో తొలి ప్రయోగం జరిగిన ఆ దీవిలోని అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టారు. మా బావగారు అక్కడే ఉద్యోగం చేసి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నారు.

వారి అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతూ ఉండేది. చివరి సంవత్సరం ప్రాజెక్టు పని ప్రారంభమైన నెల రోజులకే తలనొప్పి పట్టుకుంది. మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి నుదురు బిగిసినట్లుండడం, కళ్లు మండడం, గొంతు ఆరిపోవడం, సాయంత్రానికి వికారం. చదివినది నిలవడం లేదని కూడా చెప్పింది.

నేను దానిని పైత్తిక శిరఃశూలగా భావించాను. ధనియాల హిమం, ఉసిరిక చూర్ణం, రాత్రివేళ అరికాళ్లకు నేతి మర్దన, ముక్కులో రెండు చుక్కల అణుతైలం చెప్పాను. అంతలో దసరా సెలవులు వచ్చాయి. ఇంటికి వచ్చిన రెండవ రోజుకే నొప్పి మాయమైంది. సెలవులన్నీ హాయిగా గడిచాయి. "మామయ్యా, మీ మందు అమృతం!" అంది పిల్ల. నేనూ నమ్మాను.

సెలవులు ముగిసి వెళ్లిన తొలి రోజు సాయంత్రమే ఫోను. మందులు మానలేదు. నొప్పి మాత్రం మునుపటి కంటె ఎక్కువగా ఉంది. "తమ్ముడూ, ఈ చదువు మనకు వద్దు, మానిపించేద్దాం" అని మా అక్క కంటతడి పెట్టుకుంది. రెండు సంవత్సరాల శ్రమ వృథా అయ్యే పరిస్థితి వచ్చింది. అప్పుడు మా బావగారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "నొప్పి వచ్చిన రోజులు రాసుకున్నావు సరే. రాని రోజులు రాశావా?"

ఉపశయం చెప్పిన సత్యం

రోగ నిర్ణయానికి ఆయుర్వేదం ఐదు సాధనాలను చెప్పింది. రోగకారణమైన నిదానం, ముందుగా కనబడే పూర్వరూపం, స్పష్టమైన లక్షణాలైన రూపం, దేనివల్ల ఉపశమనం కలుగుతుందో తెలిపే ఉపశయం, దోషం రోగంగా పరిణమించే క్రమమైన సంప్రాప్తి. వీటినే నిదాన పంచకం అంటారు. నేను రూపాన్ని చూసి మందు ఇచ్చాను. ఉపశయాన్ని పరిశీలించలేదు.

అమ్మాయి చేత క్యాలెండరు మీద గుర్తులు పెట్టించాం. మూడు వారాల గుర్తులు చూస్తే విషయం బయటపడింది. ప్రయోగశాలలో గడిపిన ప్రతి రోజూ మధ్యాహ్నం నొప్పి వస్తోంది. గ్రంథాలయంలో కూర్చున్న రోజున రావడం లేదు. ఆదివారం లేనే లేదు. దసరాలో నొప్పి తగ్గించినది నా కషాయం కాదు. పది రోజులు ఆ గదికి దూరంగా ఉండడమే అసలు ఔషధం. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడమే ప్రథమ చికిత్స అన్న సూత్రం నాకు చిన్ననాడే కంఠస్థం. గాలిని నిదానంగా ఊహించకపోవడమే నా లోపం.

చరక సంహిత విమాన స్థానంలో జనపదోద్ధ్వంసనీయం అనే అధ్యాయం ఉంది. గాలి, నీరు, దేశం, కాలం చెడితే భిన్న ప్రకృతులు గల జనులందరూ ఒకేసారి వ్యాధిగ్రస్తులవుతారని ఆత్రేయుడు అగ్నివేశునికి అందులో బోధించాడు. బొత్తిగా కదలక నిలిచిపోయిన గాలిని, ఒంటికి సరిపడని వాసనలు, ఆవిరులు, ధూళి, పొగ కలిసిన గాలిని దుష్టవాయువుల్లో లెక్కించాడు. ఆలోచిస్తే ఆ తరగతిలో మరి ముగ్గురు పిల్లలకూ కళ్లమంటలు ఉన్నాయని మేనకోడలు మాటల్లో చెప్పనే చెప్పింది. అది నా చెవికెక్కలేదు.

ఆ గదిలో కనబడినవి

ఆచార్యుల అనుమతితో మా బావగారూ నేనూ ఆ ప్రయోగశాలను చూశాం. గది చల్లగా, శుభ్రంగా ఉంది. పరికరాలు పాడవకుండా ఏసీ అమర్చి కిటికీలన్నీ బిగించారు. చప్పుడు చేస్తోందని ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేశారు. విషపు ఆవిరులను బయటికి లాగడానికి అద్దపు తలుపుతో అలమర వంటి అమరిక ఒకటి ఉంటుంది, దానిని ఫ్యూమ్ హుడ్ అంటారు. అందులో సగానికి పైగా సీసాలు పేర్చి ఉన్నాయి. వాడిన ద్రావణులు మూతలేని గాజు బీకరులో ఉన్నాయి. పిల్లలు లెక్కలు రాసుకునే బల్ల, అన్నం డబ్బాలు విప్పుకునే బల్ల కూడా ఆ గదిలోనే. వాసన తెలియకుండా సుగంధపు స్ప్రే చల్లుతున్నారు.

ఆ బల్లల మీద ఈథర్, క్లోరోఫాం, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ ఉన్నాయి. వీటిలో మొదటి రెండు ఒకప్పుడు శస్త్రచికిత్సల్లో మత్తు ఇవ్వడానికి వాడిన ద్రవాలు. క్లోరోఫాం మత్తు ప్రమాదాన్ని పరిశోధించడానికి 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ పోషణలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో హైదరాబాదులోనే రెండు కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చే వేళ రోగి శ్వాసను కనిపెట్టి ఉండాలని లారీ నొక్కిచెప్పాడు. అటువంటి ద్రవాల ఆవిరి గాలి ఆడని గదిలో కొద్దికొద్దిగా రోజూ ఏడు గంటలు లోపలికి పోతూ ఉంటే తల నొయ్యడంలో వింత ఏముంది?

ఏసీ గురించి ఒక మాట. ఇళ్లలోనూ చిన్న ప్రయోగశాలల్లోనూ గోడకు అమర్చే ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ లాగి చల్లబరచి వదులుతుంది. సాధారణంగా బయటి నుండి కొత్త గాలిని తీసుకురాదు. చల్లని గాలి వేరు, కొత్త గాలి వేరు.

ముక్కును ఎంతవరకు నమ్మవచ్చు?

"వాసన రావడం లేదు కదా, భయమేమిటి?" అని ఆ పిల్లల్లో ఒకరు అడిగారు. దానికి మా బావగారు చెప్పిన సమాధానం పాఠకులందరూ తెలుసుకోదగినది. ఉపగ్రహాల చిన్న ఇంజన్లలో వాడే ఇంధనాల్లో హైడ్రజీన్ ఒకటి. అమోనియా వంటి వాసన. గాలిలో పది లక్షల భాగాలకు మూడు నాలుగు భాగాలు చేరితే గాని దాని వాసన ముక్కుకు తెలియదు. కాని పనిచేసే చోట దీర్ఘకాలానికి సురక్షితమని అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచించిన పరిమితి పది లక్షల భాగాలకు 0.01 భాగం. అంటే వాసన తగిలేనాటికే పరిమితికి కొన్ని వందల రెట్లు దాటిపోయినట్లు. అందుకే అటువంటి ఇంధనాన్ని నింపేవారు ముక్కును నమ్ముకోరు. శ్వాసకు వేరే గాలి అందే ప్రత్యేకమైన దుస్తులు ధరిస్తారు.

కాలేజీలో కిప్ పరికరం చూసిన వారికి హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన గుర్తుండే ఉంటుంది. స్వల్ప మోతాదులో అది ఘాటుగా తెలుస్తుంది. పది లక్షలకు వంద భాగాల స్థాయికి చేరితే ముక్కులోని గ్రహణ శక్తే మొద్దుబారి వాసన పోయినట్లు అనిపిస్తుంది. ఇక బొగ్గుల కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు అసలు వాసనే లేదు. కనుక వాసన వస్తే ప్రమాదం ఉండవచ్చు గాని, వాసన రానంత మాత్రాన గాలి మంచిదని తీర్మానించరాదు. సుగంధపు స్ప్రే ఉన్న ఒక్క హెచ్చరికనూ కప్పివేస్తుంది, పైగా మరికొన్ని రసాయనాలను గాలిలో కలుపుతుంది.

గాలికి రెండు దారులు

శ్రీహరికోటలో ఉపగ్రహాలను రాకెట్‌లో అమర్చే ముందు శుభ్రగదుల్లో ఉంచి సిద్ధం చేస్తారు. లక్ష తరగతి అని పిలిచే శుభ్రగదిలో ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన రేణువులు లక్షకు మించరాదు. అటువంటి గదిలోకి వడపోసిన గాలిని ఎక్కువగా పంపి లోపలి ఒత్తిడిని కొంచెం పెంచుతారు. తలుపు తెరిస్తే గాలి లోపలి నుండి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. అక్కడ గాలి ఏర్పాటు వస్తువును కాపాడడానికి.

రసాయన ప్రయోగశాలలో దీనికి వ్యతిరేకం. అక్కడ గదిలోని ఒత్తిడి వసారా కంటె కొంచెం తక్కువగా ఉండాలి. తలుపు తెరిస్తే గాలి వసారా నుండి లోపలికి రావాలి, లోపలి ఆవిరి ఫ్యూమ్ హుడ్ ద్వారా కప్పు పైకి పోవాలి. అక్కడ గాలి ఏర్పాటు మనిషిని కాపాడడానికి. మేము చూసిన గదిలో పరికరాల రక్షణకు చల్లదనం ఏర్పాటు చేశారు గాని, మనుషుల రక్షణకు గాలి దారి విడువలేదు.

గాలి ఎంత తరచుగా మారాలి అన్నది తరువాతి ప్రశ్న. గది ఘనపరిమాణానికి సమానమైన కొత్త గాలి లోపలికి వస్తే ఒక మార్పు అంటారు. ప్రయోగశాలలకు గంటకు 6 నుండి 12 మార్పులు సాధారణంగా సూచిస్తారు. ఒక మార్పుతో పాత గాలి అంతా పోదు. కొత్త గాలి పాత గాలితో కలుస్తూ పోతుంది కనుక ఇంచుమించు 37 శాతం కల్మషం మిగిలే ఉంటుంది. మూడు మార్పుల తరువాత 5 శాతం, ఆరు మార్పుల తరువాత అర శాతం లోపు మిగులుతుంది. ఏదైనా ఒలికిన తరువాత ఐదు నిమిషాలు ఫ్యాను వేసి ఆపడం చాలదనడానికి ఇదే కారణం. కల్మషం పుడుతూనే ఉంటే ఎన్ని మార్పులైనా చాలవు. అందుకని ముందు మూత, తరువాత హుడ్, ఆ తరువాతే గది గాలి.

పూర్వుల రసశాల, ఒక జర్మన్ శాస్త్రవేత్త

రసరత్న సముచ్చయంలో రసశాల నిర్మాణం చెప్పబడింది. అగ్నికార్యం ఆగ్నేయంలో, కడిగే పని పడమట, ఆరబెట్టడం వాయవ్యంలో, సిద్ధమైన ఔషధాలు ఈశాన్యంలో ఉండాలని దిక్కులను పంచి పెట్టారు. దిక్కుల సంగతి ఎలా ఉన్నా, పొగ వచ్చే పనిని, తడి పనిని, నిలువ ఉంచే చోటును కలపరాదన్న వివేకం అందులో కనిపిస్తుంది. ఈ పని విభజన నేటి ప్రయోగశాలకూ అవసరమే.

పాదరసంతో పనిచేసే వైద్యులు వినవలసిన చరిత్ర మరొకటి ఉంది. జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ స్టాక్ గొప్ప రసాయన శాస్త్రవేత్త. గాలి సరిగా ఆడని గదుల్లో పాదరసం గల పరికరాలతో ఏళ్ల తరబడి పనిచేశాడు. తలనొప్పి, తలతిరుగుడు, విడవని పడిశం, మతిమరుపు ఆయనను బాధించాయి. ముక్కుకు ఎన్నో చికిత్సలు చేయించుకున్నా ఫలితం లేకపోయింది. పాదరసపు ఆవిరే కారణమని 1924లో తెలిసింది. 1926లో తన అనుభవాన్నే వివరంగా రాసి లోకాన్ని హెచ్చరించాడు. పాదరసం గది వేడికే ఆవిరవుతుంది, ఆ ఆవిరికి రంగూ వాసనా లేవు. అంతటి పండితునికే కారణం దొరకడానికి ఏళ్లు పట్టినప్పుడు, మా అమ్మాయి "నాకు తెలివి తగ్గిపోతోంది మామయ్యా" అని బెంగపడడంలో ఆశ్చర్యం లేదు.

చేసిన మార్పులు

ఆచార్యులు సహృదయులు. చెప్పిన మాట విని వారంలో పని మొదలుపెట్టించారు. పెద్ద ఖర్చు కాలేదు. హుడ్‌లోని సీసాలను గాలి ఆడే అలమరలోకి మార్చారు. దాని మోటారును బాగుచేయించి, అద్దం అంచున పలుచని కాగితపు పట్టీ అంటించారు. హుడ్ పనిచేస్తున్నప్పుడు ఆ కాగితం లోపలికి వంగుతుంది. వంగకపోతే పని మొదలుపెట్టరు. హుడ్ ముఖద్వారం వద్ద గాలి వేగం క్షణానికి అర మీటరు ఉండేటట్లు పరికరంతో కొలిచి చూశారు. పాత్రలను అంచు నుండి జానెడు లోపలికి ఉంచడం, అద్దాన్ని వీలైనంత కిందికి దించడం, తల లోపలికి పెట్టకుండడం నియమాలయ్యాయి. వాడిన ద్రావణుల సీసాలకు మూతలు వచ్చాయి. రాసే బల్ల, తినే బల్ల పక్క గదికి మారాయి.

మందుల కంటె ముందుగా అమ్మాయిని ఒక డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్లి కాలేయం, మూత్రపిండాలు, రక్తహీనత పరీక్షలు చేయించాం. ఫలితాలు బాగానే ఉన్నాయి. నెల తిరిగేసరికి క్యాలెండరులో గుర్తులు రెండుకు తగ్గాయి. ఆ రెండు రోజులూ కరెంటు పోయి హుడ్ ఆగిన రోజులే. అమ్మాయి పరీక్షలు పూర్తిచేసి పట్టా అందుకుంది. ఆ ముగ్గురు సహాధ్యాయుల కళ్లమంటలూ తగ్గాయి.

ఇంటికి వర్తించే విషయాలు

వంటగదిని ప్రయోగశాలగా, పడకగదిని శుభ్రగదిగా భావించండి. మిరపకాయల తిరగమోత పెట్టినప్పుడు హాలులో కూర్చున్నవారు దగ్గితే మీ ఇంటి గాలి తప్పు దారిలో నడుస్తోందని అర్థం. ఎగ్జాస్ట్ ఫ్యాను పొయ్యికి దగ్గరగా, ఎత్తుగా ఉండాలి. ఎదుటివైపు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. లోపలికి గాలి రానిదే ఫ్యాను బయటికి ఏమి పంపగలదు? వంట ముగిసిన తరువాత మరో పావుగంట ఫ్యాను తిరగనివ్వండి.

వ్రణితుని గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పులతో ధూపం వేయాలని సుశ్రుతుడు చెప్పాడు. అది ఒక ప్రయోజనం కోసం, నియమిత కాలానికి చెప్పిన విధి. ఏ పొగలోనైనా ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని రేణువులు ఉంటాయి. తలుపులు మూసిన గదిలో అగరువత్తి, దోమల చుట్ట, ధూపం కలిపి వేయడం మంచిది కాదు. ఉబ్బసం ఉన్నవారి వద్ద అసలే వద్దు. ప్రయోగశాలలో ధూపం మాట తలపెట్టరాదు. ఈథర్ ఆవిరికి నిప్పురవ్వ తగిలితే గది అంటుకుంటుంది.

కుండీ మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయని 1989 నాటి నాసా పరిశోధన వల్ల ప్రచారమైంది. ఆ పరీక్షలు మూసిన చిన్న పెట్టెల్లో చేసినవి. గదిలో కిటికీ చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి మొక్కల దాకా కావాలని 2019లో వెలువడిన సమీక్ష తేల్చింది. తులసిని భక్తితో పెంచుకోండి, కిటికీని మాత్రం తెరవండి.

జ్వరమాపకం పగిలి పాదరసం ఒలికితే చీపురుతో ఊడ్వరాదు. పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో గుండ్లను ఒకచోటికి చేర్చి మూత గల సీసాలో భద్రపరచాలి.

పిల్లలను అడగవలసిన ప్రశ్నలు

సైన్సు చదివే బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మార్కులతోపాటు ఇవి కూడా అడగండి. ప్రయోగశాలలో హుడ్ పనిచేస్తోందా? కాగితపు పట్టీ వంగుతోందా? అక్కడే తింటున్నారా? కోటు ఇంటికి తెచ్చి అందరి బట్టలతో ఉతుకుతున్నారా? నీ ఒక్కరికేనా బాధ, తక్కినవారికి కూడానా? ఏ రోజున తగ్గుతోంది? ముఖానికి చేతిగుడ్డ గాని, మామూలు మాస్కు గాని కట్టుకుంటే ద్రావణుల ఆవిరి ఆగదని కూడా చెప్పండి.

ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, చూపు మసకబారడం, ఆగని వాంతులు కనిపిస్తే వెంటనే బాధితుని బయటి గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంటి వైద్యానికి అది సమయం కాదు. ధనియాల హిమం, నేతి మర్దన హాయినిస్తాయి. గదిలోని విషాన్ని అవి తీసివేయలేవు.

ఇప్పుడు నా వద్దకు తలనొప్పితో ఎవరు వచ్చినా, నాడి పట్టుకునే ముందు పగలంతా ఏ గదిలో గడుపుతారో అడిగి రాసుకుంటున్నాను. నొప్పి లేని రోజులు గుర్తుపెట్టుకు రమ్మని ఒక క్యాలెండరు కాగితం ఇచ్చి పంపుతున్నాను. మందు చీటీ ఆ కాగితం తిరిగి వచ్చిన తరువాతే.